రాళ్ల నేలలో పుట్టిన ఐకియా: స్మోలాండ్ యాత్ర

సోమవారం

కోపెన్‌హాగెన్ విమానాశ్రయం అడుగునే రైల్వే స్టేషన్ ఉంది. అక్కడ ఎక్కిన రైలు ముందు సముద్రం కింద సొరంగంలోకి దిగుతుంది. నడుమ కట్టిన కృత్రిమ దీవి మీద వెలుగులోకి వచ్చి, దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మో చేరుతుంది. 2000లో ఈ ఓరెసుండ్ వంతెన తెరిచాక ఒక దేశంలో ఇల్లు, ఇంకో దేశంలో ఉద్యోగం చాలామందికి మామూలైపోయింది. మా తమ్ముడిదీ అదే పద్ధతి. వాడు మాల్మోలో రైలెక్కి నాన్నతో, నాతో కలిశాడు.

నాన్న జీవితమంతా కొయ్యపని చేశారు. తలుపులు, మంచాలు, బీరువాలు, ఆయన చేయనిది లేదు. 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా మన దేశంలోనే మొదటి దుకాణం తెరిచినప్పుడు జనం తోపులాట, మైండ్‌స్పేస్ రోడ్డు మీద ట్రాఫిక్ టీవీలో చూసి, కొన్నాళ్లు ఆగి ఆయనే వెళ్లొచ్చారు. టేకు లేదు, మద్ది లేదు, చేత్తో చిత్రిక పట్టింది లేదు, అయినా ఇంత జనం ఎందుకు ఎగబడ్డారో తేల్చుకోవాలన్నది అప్పటినుంచీ ఆయన పట్టుదల. తమ్ముడు టికెట్లు పంపగానే ఆయన అడిగింది కోపెన్‌హాగెన్ కాదు, స్టాక్‌హోమ్ కాదు. ఐకియా పుట్టిన ఎల్మ్‌హుల్ట్.

లుండ్ దాటినంతసేపూ బల్లపరుపు గోధుమ చేలు. హెస్లెహోల్మ్ దాటాక చేలు తగ్గి స్ప్రూస్, పైన్ అడవి మొదలవుతుంది. అడవి మధ్య చిన్నచిన్న పచ్చిక ముక్కలు, వాటి చుట్టూ సున్నం, సిమెంటు ఏమీ లేకుండా పేర్చిన రాతి గోడలు. ఇదే స్మోలాండ్. ఇక్కడ నేల తవ్వితే రాళ్లే. పొలం చేసుకోవాలంటే ముందు రాళ్లు ఏరాలి, ఏరినవాటిని ఎక్కడో పెట్టాలి కాబట్టి గట్ల మీద గోడలుగా పేర్చేశారు. 19వ శతాబ్దం నడుమ నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల వరకు పది లక్షలకు పైగా స్వీడిష్ జనం అమెరికా వలస పోయారు. అందులో స్మోలాండ్ వాటా చాలా పెద్దది. 1867–69 కరువు ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టేసింది.

ఎల్మ్‌హుల్ట్ సుమారు పదివేల జనాభా ఉన్న ఊరు. 1862లో రైలుమార్గం రాకముందు ఇక్కడ చెప్పుకోదగ్గ ఊరే లేదు. ఐకియా సరుకులు ఇప్పటికీ ఈ ఊళ్లోనే డిజైన్ అవుతాయి, కంపెనీ ఐటీ పనుల కోసం వచ్చిన భారతీయులు కూడా ఇక్కడ బాగానే కనిపిస్తారు. స్టేషన్ నుంచి నడిచి ఐకియా హోటల్‌కి చేరాం. 1964లో ఇది మోటెల్‌గా మొదలైంది. దూరాల నుంచి కారేసుకుని సామాన్లు చూడ్డానికి వచ్చేవాళ్లు రాత్రికి పడుకోవాలి కదా. రాత్రి పది దాకా వెలుతురు ఉండటంతో నాన్నకి నిద్ర పట్టలేదు. గదిలో ఉన్న కుర్చీని తలకిందులు చేసి స్క్రూలు చూస్తూ కూర్చున్నారు.

మంగళవారం

హోటల్ ఎదురుగానే మ్యూజియం. 1958లో తెరిచిన మొట్టమొదటి ఐకియా పెద్ద దుకాణం ఇదే భవనంలో నడిచింది. 6,700 చదరపు మీటర్లు, అప్పట్లో స్కాండినేవియాలో ఇంత పెద్ద ఫర్నిచర్ ప్రదర్శన ఇంకోటి లేదు. 2012లో దుకాణం పట్టాల అవతలికి మారాక, 2016 జూన్ 30న పాత భవనాన్ని మ్యూజియంగా తెరిచారు. ఈ రోజంతా ఇక్కడే గడిపాం. చెప్పాల్సిందీ ఎక్కువ ఇక్కడి గురించే.

కథ 1926లో పుట్టిన ఇంగ్వార్ కాంప్రాడ్‌తో మొదలవుతుంది. జర్మనీ నుంచి వలస వచ్చిన రైతు కుటుంబం వాళ్లది. పిల్లాడు ఐదారేళ్ల వయసులోనే బంధువుల సాయంతో స్టాక్‌హోమ్ నుంచి వంద అగ్గిపెట్టెలు 88 ఓరెలకు (మన పైసల్లాంటివి) తెప్పించి, ఒక్కోటీ రెండు నుంచి ఐదు ఓరెల చొప్పున అమ్మేశాడు. తర్వాత చేపలు, విత్తనాలు, పెన్నులు. 1943లో పదిహేడేళ్ల వయసులో కంపెనీ రిజిస్టర్ చేశాడు. మైనర్ కావడంతో పెద్దల అనుమతి అవసరమైంది. ఇంగ్వార్ కాంప్రాడ్ అన్న తన పేరు, ఎల్మ్‌టారిడ్ అన్న పొలం పేరు, అగున్నారిడ్ అన్న ఊరి పేరు, వీటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలే (IKEA) ఐకియా. ఫర్నిచర్ అప్పటికింకా లేదు, అది 1948లో వచ్చింది.

పోస్టులో ఆర్డర్ తీసుకుని సరుకు పంపడం అతని వ్యాపారం. అయితే పొలం నుంచి రైలు స్టేషన్‌కి సామాను చేరేదెలా? రోజూ పాల క్యాన్లు ఎత్తుకెళ్లే పాలబండిలో పంపేవాడు. నాకు ఈ చోటే మొత్తం చరిత్రకు తాళంచెవి అనిపించింది. ఐకియా గురించి రాసేవాళ్లు డిజైన్ గురించి, అందం గురించి రాస్తారు. మ్యూజియంలో ఒక్కో దశాబ్దం దాటుతుంటే నాకు తోచింది వేరు: ఇది ముఖ్యంగా మోత చరిత్ర. సరుకును ఎవరు మోయాలి, ఎంత దూరం మోయాలి, ఆ కూలి ఎవరి ఖాతాలో పడాలి అన్నదే మొదటినుంచీ లెక్క.

1950ల మొదట్లో పోస్టు వ్యాపారాల మధ్య ధరల పోటీ ముదిరింది. ఒకడు ఇస్త్రీ బల్ల ధర తగ్గిస్తే ఇంకొకడు ఇంకాస్త తగ్గించాలి, దాంతో నాణ్యత పడిపోతూ వచ్చింది. కేటలాగ్‌లో బొమ్మ చూసి కొనేవాడికి బల్ల ఊగుతుందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకే 1953లో కాంప్రాడ్ ఎల్మ్‌హుల్ట్‌లో ఒక పాత వడ్రంగి కర్మాగారాన్ని కొని షోరూమ్ చేశాడు. వచ్చి ముట్టుకుని, కూర్చుని, నచ్చితే ఆర్డర్ ఇవ్వండి, కాఫీ, బన్ను ఇస్తాం అన్నాడు. మొదటి రోజే వెయ్యిమందికి పైగా వచ్చారు. నాన్న ఇక్కడ చాలాసేపు నిలబడ్డారు. "ముట్టుకోనిచ్చాడు చూడమ్మా, సగం వ్యాపారం అక్కడే అయిపోయింది," అన్నారు. ఆయన షాపులోనూ కొత్త మంచం ఎప్పుడూ గుమ్మం బయటే ఉండేది.

1956లో లోవెట్ అనే మూడు కాళ్ల ఆకు ఆకారం బల్ల వచ్చింది. కేటలాగ్ కోసం ఫొటో తీశాక గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే డిజైనర్ దాన్ని కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్లు ఊడదీసి పలక కింద పెట్టేశారు. విడదీసి పెట్టెలో పెట్టే ఫర్నిచర్ అక్కడే పుట్టిందని ఇక్కడ చెప్పే కథ. నిజానికి స్టాక్‌హోమ్‌లోని ఎన్‌కే అనే పెద్ద దుకాణం 1944 నుంచే త్రీవా అన్న పేరుతో విడిభాగాలుగా తీసుకెళ్లి బిగించుకునే ఫర్నిచర్ అమ్మింది. ఐకియా ఆ ఆలోచనను కనిపెట్టలేదు. దాన్ని కంపెనీ మొత్తానికి వెన్నెముక చేసింది, అది అంతకంటే కష్టమైన పని. బల్లను విప్పి పెట్టెలో పెడితే లారీలో గాలికి కిరాయి కట్టక్కర్లేదు, దారిలో కాలు విరగదు, బిగించే కూలి కొన్నవాడిదే అవుతుంది.

ఈ లెక్క ఎంతదాకా పోయిందో చెప్పడానికి బాంగ్ అనే మామూలు కాఫీ కప్పు చాలు. మొదట సరుకు పేర్చి రవాణా చేసే ఒక చెక్క చట్రం (ప్యాలెట్) మీద 864 కప్పులు పట్టేవి. అంచు మార్చి మళ్లీ గీస్తే 1,280. ఎత్తు తగ్గించి, పిడి మార్చి గీస్తే 2,024. రవాణా ఖర్చు 60 శాతం తగ్గింది. కప్పు అందం కోసం పిడి అలా వంపు తిరిగిందని అనుకుంటాం. నాన్న మాత్రం ఈ అంకెలు చదివించుకుని నవ్వారు, "చెక్క వేస్టు కాకుండా పలక కోసుకోవడం లాంటిదే," అన్నారు. ఆయనకి ఈ కంపెనీ మీద గౌరవం కలిగింది ఇక్కడే అనుకుంటాను.

స్వీడిష్ ఫర్నిచర్ వ్యాపారుల సంఘం కాంప్రాడ్ ధరలు చూసి కడుపుమండి తయారీదార్ల మీద ఒత్తిడి పెట్టింది. అతనికి సరుకిస్తే మేం మీ దగ్గర కొనం అంది. ప్రదర్శనల్లోకి రానివ్వలేదు. అందరూ అమ్మే సరుకే అమ్ముతున్నాడన్న మాట పడకుండా 1955 నుంచి ఐకియా సొంతంగా డిజైన్లు గీయించడం మొదలుపెట్టింది. అంటే ఈ రోజు స్కాండినేవియన్ డిజైన్ అని మనం మెచ్చుకునేదానికి ఆ బహిష్కరణ ఒక పెద్ద కారణం. ఇంకో ఫలితం, 1961లో కాంప్రాడ్ పోలండ్ వెళ్లాడు. వంచిన కొయ్యతో చేసే ఓగ్లా కుర్చీ రాడోమ్‌స్కో అనే ఊళ్లో తయారై వచ్చేది. ఇనుప తెర అవతలి, అంటే అప్పటి కమ్యూనిస్టు దేశాల్లోని, కూలి స్వీడన్ కూలితో పోలిస్తే ఎక్కడో కింద ఉండేది.

ఆ తర్వాతి గదుల్లో మనకి తెలిసిన వస్తువులే: నొబోరు నకమూరా అనే జపాన్ డిజైనర్ 1970ల్లో గీసిన పోయెంగ్ కుర్చీ, లుండ్‌గ్రెన్ 1979లో గీసిన బిల్లీ పుస్తకాల అలమర. సోఫాలకు స్వీడన్ ఊళ్ల పేర్లు, మంచాలకు నార్వే ఊళ్ల పేర్లు పెట్టడం కాంప్రాడ్‌కి అంకెలు, అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా ఉండటం వల్ల. కోడ్ నంబర్ గుర్తుండదు, పేరు గుర్తుంటుంది. నాన్న బిల్లీ వెనక్కి వెళ్లి అట్టలాంటి పలకను వేలితో కొట్టి చూశారు. పొట్టు ఒత్తి చేసిన చెక్క ఇది, ఇక్కడి పొడి ఇళ్లలో నిలుస్తుంది, మన వర్షాకాలంలో గోడకి చెమ్మ పడితే అంచులు ఉబ్బుతాయి అన్నారు. ఆయన మాటతో నేను ఏకీభవిస్తాను. మన ఇళ్లకి అదే సరుకు అలాగే సరిపోదు.

సాయంత్రం బయట బెంచీ మీద కూర్చుని తమ్ముడు కాంప్రాడ్ గురించి ఇంకో సంగతి చెప్పాడు. యువకుడిగా అతను స్వీడిష్ ఫాసిస్టుల ఉద్యమంలో తిరిగాడు. 1994లో ఒక పత్రిక ఇది బయటపెడితే ఉద్యోగులకు ఉత్తరం రాసి క్షమాపణ చెప్పాడు. తర్వాత 2011లో, 1943లోనే అతను స్వీడన్‌లోని నాజీ పార్టీ సభ్యుడనీ, పోలీసుల దగ్గర ఫైలుందనీ ఇంకా తేలింది. కంపెనీ పుట్టిన ఏడాదే అది. నాన్న కాసేపు మాట్లాడలేదు. "పని గొప్పదే, మనిషి వేరే సంగతి," అన్నారు చివరికి. నాకు అంత తేలిగ్గా విడదీయడం కుదరలేదు. ఇంకా కుదరలేదు.

బుధవారం

తమ్ముడు కారు అద్దెకు తీసుకున్నాడు. అగున్నారిడ్ అడవి మధ్య చర్చి, కొన్ని ఇళ్లు, చెరువులు ఉన్న పల్లె. ఎల్మ్‌టారిడ్ పొలం రోడ్డు మీంచే చూశాం, లోపలికి వెళ్లే పని పెట్టుకోలేదు. ఇక్కడినుంచి ఎల్మ్‌హుల్ట్‌కి అడవి దారిలో కారుకే చాలాసేపు పట్టింది. ఈ దూరం చూశాక పాలబండి ఎంత పెద్ద వరమో అర్థమైంది.

తిరుగుదారిలో రోస్‌హుల్ట్. మొక్కలకూ జంతువులకూ రెండు మాటల లాటిన్ పేర్లు స్థిరపరిచిన కార్ల్ లిన్నేయస్ 1707 మే 23న ఇక్కడే పుట్టాడు. తండ్రి చర్చి గురువు, తోటంటే ప్రాణం. ఇప్పుడున్న ఎర్ర ఇల్లు పాతది కాలిపోయాక కట్టింది. చుట్టూ పచ్చికను పూర్వం లాగే కొడవలితో కోస్తూ కాపాడుతున్నారు. అలా కోస్తే అడవిపూలు మళ్లీ మొలుస్తాయట. లోకంలోని మొక్కలకు పేర్లు పెట్టినవాడూ, సోఫాలకూ మంచాలకూ ఊళ్ల పేర్లు పెట్టినవాడూ ఇన్ని రాళ్లున్న ఒకే మూల నుంచి రావడం నాకు ఎంతో నచ్చింది.

గురువారం

వెక్‌షో మీదుగా కోస్తా వెళ్లాం. 1742లో ఇద్దరు సైనికాధికారులు, కోస్కుల్, స్టాల్ ఫన్ హోల్‌స్టైన్, తమ ఇంటి పేర్ల మొదళ్లు కలిపి పెట్టిన గాజు కర్మాగారం ఇది. ఇంకా నడుస్తోంది. కొలిమికి కట్టెలు కావాలి, స్మోలాండ్‌లో అడవే అడవి, అందుకే ఈ చుట్టుపక్కల డజన్ల కొద్దీ గాజు కొలిములు వెలిశాయి. ఇప్పుడు మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పక్కనే ఓరెఫోర్స్‌లో 1916–17లో సీమన్ గాటె, ఎడ్వర్డ్ హాల్డ్ అనే ఇద్దరు చిత్రకారుల్ని పనిలో పెట్టుకున్నారు. 1925 పారిస్ ప్రదర్శనలో వాళ్ల గాజు పనికి పేరు మోగిపోయింది. అంత పేరున్న ఓరెఫోర్స్ ఫ్యాక్టరీ 2013లో మూతపడింది.

కోస్తాలో గొట్టం చివర ఎర్రని గాజు ముద్ద ఊదుతూ తిప్పుతూ ఉండగా ముగ్గురు మనుషులు ఒక్క మాట లేకుండా ఒకరి చేతికి ఒకరు అందించుకుంటున్నారు. నాన్న అక్కడినుంచి కదలనన్నారు. ఒక పాత్ర చేయడానికి అంతమంది చేతులు పట్టిందని ఆయనకి ధర పలక చూపిస్తే ఎక్కువేం కాదన్నారు. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ ధరకి కొనగలిగినవాళ్లు స్వీడన్‌లోనే తక్కువ.

శుక్రవారం

అల్వెస్తాలో రైలెక్కి స్టాక్‌హోమ్. ఎన్‌కే దుకాణం హామ్న్‌గాటన్ వీధిలో ఇప్పటికీ దర్జాగా ఉంది. ఇల్లు అందంగా ఉండటం డబ్బున్నవాళ్ల హక్కు కాదన్న మాట స్వీడన్‌లో ఐకియా కంటే చాలా పాతది. ఎల్లెన్ కేయ్ అనే రచయిత్రి 1890ల చివర్లోనే అందం అందరికీ అని వాదించింది. 1919లో గ్రెగోర్ పాల్సన్ రోజూ వాడే వస్తువులు ఇంకా అందంగా ఉండాలని కర్మాగారాలకూ కళాకారులకూ పిలుపునిచ్చాడు. 1928లో పెర్ ఆల్బిన్ హాన్సన్ దేశమంటే అందరికీ సమానంగా చోటున్న ఇల్లులా ఉండాలని పార్లమెంటులో ప్రసంగించాడు. కాంప్రాడ్ ఈ మేధావుల మధ్య మనిషి కాదు. వాళ్లు కోరుకున్న బల్లను నిజంగా సామాన్యుడి ధరకి తెచ్చింది మాత్రం అతనే. ఎన్‌కే త్రీవా మంచి సరుకే, కానీ నగరంలో చదువుకున్నవాళ్ల ఇళ్లు దాటి పెద్దగా పోలేదు.

శనివారం

మెట్రోలో స్టాక్‌హోమ్ శివారు షార్‌హోల్మెన్‌లో దిగాం. చుట్టూ ఒకే ఎత్తు, ఒకే తీరు అపార్ట్‌మెంట్లు. 1965 నుంచి 1974 దాకా పదేళ్లలో పది లక్షల ఇళ్లు కట్టాలని స్వీడిష్ ప్రభుత్వం పూనుకుంది, అదీ సుమారు ఎనభై లక్షల జనాభా ఉన్న దేశంలో. ఈ పేట అప్పుడు వెలిసిందే. పల్లెల నుంచి, విదేశాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఖాళీ గోడల కొత్త ఇళ్లు దొరికాయి. మంచం లేదు, అలమర లేదు. అదే 1965లో పక్కనే కుంగెన్స్ కుర్వాలో ఐకియా తన పెద్ద దుకాణం తెరిచింది. 1946లో ఐదో గుస్తావ్ రాజు గారి కారు ఇక్కడి మలుపులో గుంటలో పడింది కాబట్టి ఈ చోటుకి రాజుగారి మలుపు అని పేరు. న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం చూసొచ్చి గుండ్రంగా కట్టారు. నాకు ఆ ఇళ్ల పథకం, ఈ దుకాణం రెండూ ఒకే ఏడాది మొదలవడం పక్కపక్కన పెట్టి చూడటమే యాత్ర మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ప్రభుత్వం ఇళ్లు కట్టకపోతే ఐకియా ఇంత పెరిగేది కాదు. సొంత కష్టంతో పైకొచ్చిన ఒక్క మనిషి కథగా దీన్ని చెప్పేవాళ్లు ఈ అపార్ట్‌మెంట్లను మర్చిపోతారు.

తెరిచిన రోజుల్లో జనాన్ని తట్టుకోలేక గోడౌన్ తలుపులు తీసి, మీరే తీసుకోండి అన్నారు. 1970లో నిప్పంటుకుని కాలింది. 1971లో మళ్లీ తెరిచేసరికి ఆ అత్యవసర ఏర్పాటే పద్ధతి అయిపోయింది: చూడ్డానికి పైన గదులు, ఎత్తుకోవడానికి కింద గోడౌన్. పాలబండి నుంచి లారీకి, లారీ నుంచి కొనేవాడి భుజానికి మోత అలా చేరింది.

నాన్న కింద గోడౌన్ వరుసల్లో నడుస్తూ, ఒక ముసలామె ఇద్దరు మనవళ్లతో అలమర పెట్టెను బండి మీదికి ఎత్తడం చూశారు. "మన దగ్గర ఇది కుదర్లేదు కదరా," అన్నారు తమ్ముడితో. నిజమే. హైదరాబాద్‌లో ఐకియా బిగించే పనివాళ్ల కోసం అర్బన్‌క్లాప్‌తో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. వంటకాల్లో బీఫ్, పోర్క్ తీసేసి బిర్యానీ, సమోసా పెట్టారు. 200 రూపాయల లోపు వస్తువులు సుమారు వెయ్యి ఉంచారు. మసాలా డబ్బాలు తెచ్చారు. తిండి మార్చడం తేలికే. కూలికి మనిషి దొరికే దేశంలో కొన్నవాడే బిగించుకోవాలన్న లెక్కను మార్చడమే అసలు కష్టం. వడ్రంగికి పని పోతుందని నేను భయపడ్డాను. నాన్న మాత్రం బిగించడం కూడా పనేనమ్మా, కాకపోతే డిజైన్ అతని చేతిలో ఉండదు అన్నారు.

ఆ డిజైన్ ఎవరి చేతిలో లేదో, ఎవరి కూలి తక్కువైందో కూడా చెప్పుకోవాలి. 1994లో పాకిస్తాన్‌లో కార్పెట్లు నేసే పిల్లల మీద ఒక స్వీడిష్ డాక్యుమెంటరీ వచ్చాక ఐకియా 2000లో తయారీదార్లకి నియమావళి పెట్టింది. అదే ఏడాది యునిసెఫ్‌తో కలిసి ఉత్తరప్రదేశ్ కార్పెట్ జిల్లాల్లో బడులకు డబ్బిచ్చింది. 1970–80ల్లో తూర్పు జర్మనీలో రాజకీయ ఖైదీల చేత తయారైన సరుకు ఐకియాకి వచ్చిందని 2012లో సొంత విచారణలోనే తేలింది. 2024లో బాధితుల నిధికి 60 లక్షల యూరోలు ఇస్తామంది ఐకియా జర్మనీ. చవకగా ఉండాలన్న కోరిక న్యాయమైనదే, పేద రైతు కొడుకు నుంచి వచ్చిందే. ఆ చవక ఖర్చు ఎవరో ఒకరి మీద పడుతుంది, ఎవరి మీద అని ముందుగా అడగడం మాత్రం బయటివాళ్లే చేశారు, కంపెనీ కాదు.

అందుకే ఇంకో యాత్ర ఉంది. రాడోమ్‌స్కోకి. డెన్మార్క్, స్వీడన్ గైడ్‌బుక్కుల్లో ఆ ఊరు ఉండదు, కానీ కొయ్య వంచినవాళ్ల ఊరు అదే. అక్కడికైతే నాన్న పనిముట్లు కూడా తెస్తానంటున్నారు, విమానంలో ఉలి రానివ్వరని తమ్ముడు ఇప్పటికి చాలాసార్లు చెప్పాడు.